కిరాయి ఇల్లు ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్స్ వాపసు తీసుకోవడం: హనుమకొండ, వరంగల్ కిరాయిదారులకు

మనం ఇచ్చిన అడ్వాన్స్ ఓనర్ బీరువాలో కట్ట విప్పకుండా ఉంటుందని అనుకోవద్దు. వచ్చిన వారంలోనే అది పై పోర్షన్ స్లాబుకో, బిడ్డ ఫీజుకో, చిట్టీకో పోయి ఉంటుంది. ఖాళీ చేసే రోజు ఆయన ఆ డబ్బును ఎక్కడో అక్కడ సర్దాలి. చాలా ఇళ్లలో అది మన తర్వాత దిగేవాళ్లు ఇచ్చే అడ్వాన్స్‌లోంచే వస్తుంది. "కొత్తోళ్లు దిగంగనే ఇస్త" అనే మాట అందుకే అంత మామూలైపోయింది. కాబట్టి మన పని రెండు రకాలు. కోతకు సాకు దొరకకుండా చూసుకోవాలి. ఆ డబ్బు ఎక్కడి నుంచి, ఏ రోజు వస్తుందో ఓనర్ కంటే ముందు మనమే లెక్క వేసుకోవాలి. రెండోదాన్ని ఎవరూ పట్టించుకోరు, ఎక్కువ మంది ఇబ్బంది పడేది అక్కడే.

నేను హనుమకొండ, కాజీపేటల్లో నాలుగు ఇళ్లు మారాను. మొదటిది నయీంనగర్ వైపు రెండు గదుల పోర్షన్, కిరాయి 7,000, అడ్వాన్స్ 14,000. ఖాళీ చేశాక చేతికొచ్చింది 5,500. రంగులకని ఒక నెల కిరాయి, గీజర్‌కని 1,500 పట్టుకున్నారు. ఆ 5,500 కూడా మూడు నెలల్లో రెండు విడతలుగా వచ్చింది. గీజర్ మేం దిగిన రోజు నుంచే సరిగ్గా వేడెక్కేది కాదు. ఆ మాట ఎక్కడా రాసి పెట్టుకోలేదు, ఫొటో లేదు. తప్పు సగం నాదే. ఆఖరి ఇంట్లో మాత్రం ట్రాలీ ఆటో గేటు దాటకముందే ఫోన్‌లో డబ్బు పడింది. ఈ రెండిటి మధ్య నేను నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు కాగితాలు, ఫొటోలు వెతకండి

ఖాళీ చేయాలని ఇంట్లో అనుకున్న రోజే, ఓనర్‌కు చెప్పకముందే, ఒక సాయంత్రం కూర్చొని ఇవి బయటికి తీయండి: కిరాయి అగ్రిమెంట్, అడ్వాన్స్ ఇచ్చిన రుజువు, కిరాయి కట్టిన రుజువులు, దిగినప్పటి ఫొటోలు.

అగ్రిమెంట్ దాదాపు అందరిదీ 11 నెలలకే ఉంటుంది. ఏడాది దాటిన లీజును రిజిస్టర్ చేయించాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెబుతుంది కాబట్టి, ఆ ఖర్చు తప్పించుకోవడానికి అందరూ 11 దగ్గర ఆపుతారు. గడువు అయిపోయి రెండేళ్లయినా మళ్లీ రాసుకోకుండా ఉండేవాళ్లే ఎక్కువ. గడువు దాటిందని అడ్వాన్స్ మీద మీ హక్కు ఎక్కడికీ పోదు. అందులో మూడు మాటల కోసం చూడండి: ఎన్ని రోజుల ముందు చెప్పాలి, రంగులకు కోత ఉందా, అడ్వాన్స్ ఎప్పుడు తిరిగి ఇస్తారు. రంగులకు ఒక నెల కిరాయి పట్టుకుంటామని రాసి ఉండి మీరు సంతకం పెట్టి ఉంటే, ఇప్పుడు దాని మీద వాదన పెట్టుకోవడం టైం దండగ. రాసి లేకపోతే మాత్రం అది రివాజు కాదు, బేరం. తగ్గించమని అడగొచ్చు, అసలు ఒప్పుకోకపోవచ్చు.

అడ్వాన్స్ ఫోన్‌పే, గూగుల్ పేలో పంపి ఉంటే పాత హిస్టరీ కోసం యాప్‌లో వెతుక్కుంటూ కూర్చోకుండా బ్యాంకు స్టేట్‌మెంట్ తీయండి. నగదు ఇచ్చి రసీదు తీసుకోకపోతే ఇప్పుడైనా పని అవుతుంది. ఖాళీ చేసే సంగతి ఎత్తకముందే మామూలు మాటల్లో ఒక మెసేజ్ పెట్టండి: "అంకుల్, మేం దిగినప్పుడు 18,000 అడ్వాన్స్ ఇచ్చినం కదా, ఇంటి లెక్క రాసుకుంటున్న, కరెక్టేనా?" ఆయన "అవును" అంటే చాలు. బొటనవేలి బొమ్మ పెట్టినా ఏమీ లేనిదానికంటే మేలు.

ఇల్లు అమెరికాలో ఉన్న కొడుకుదై, అడ్వాన్స్ ఇక్కడి మేనమామ తీసుకున్న ఇళ్లు మన దగ్గర బోలెడు. అలాంటిచోట ఇద్దరినీ కలిపి మెసేజ్ పెట్టండి. తీసుకున్నది ఒకరు, ఇవ్వాల్సింది ఇంకొకరు అయితే మధ్యలో మనం ఫుట్‌బాల్ అవుతాం. మీరు ఉండగానే ఇల్లు అమ్ముడుపోతే, అడ్వాన్స్ బాధ్యత కొత్త ఓనర్ తీసుకుంటున్నట్టు ఆయన నుంచి రాతలో తీసుకోండి, లేదంటే రిజిస్ట్రేషన్‌కు ముందే పాత ఓనర్ దగ్గర వసూలు చేసుకోండి.

ఇక ఫొటోలు. దిగిన రోజు వీడియో తీసుకోలేదే అని బాధపడే ముందు గ్యాలరీలో పాలు పొంగించిన రోజు ఫొటోలు చూడండి. మా మూడో ఇంట్లో ఓనర్ వంటింటి గోడ చెమ్మ చూపించి, "మీరు సింకు నీళ్లు కొట్టుకుంట కొట్టుకుంట గోడ ఖరాబ్ జేసిండ్రు" అన్నారు. మా ఆవిడ పాలగిన్నె దగ్గర నిలబడ్డ ఫొటోలో, ఆమె భుజం వెనక, స్విచ్‌బోర్డు కింద అదే మరక, ఇంచుమించు అదే ఆకారం. ఫోన్ ఆయన చేతికిచ్చి ఊరుకున్నాను. రెండు వేళ్లతో పెద్దది చేసి చూశారు. ఆ తర్వాత చెమ్మ మాట మళ్లీ రాలేదు.

ఎప్పుడు చెప్పాలి

అగ్రిమెంట్‌లో ఒక నెల అని ఉంటే నెల, రెండని ఉంటే రెండు. ఏమీ లేకపోతే నెలవారీ కిరాయికి 15 రోజుల నోటీసు సరిపోతుందని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం అంటుంది. చట్టానికి 15 సరిపోతుంది కానీ మీ అడ్వాన్స్‌కు సరిపోదు. ఓనర్‌కు కొత్త కిరాయిదారు దొరకడానికి ఎంత సమయం ఇస్తే మీ డబ్బు అంత త్వరగా వస్తుంది. నెలన్నర ముందు చెప్పడం నాకు కలిసొచ్చింది.

ఏ నెలలో ఖాళీ చేస్తున్నామన్నది ఇంకా ముఖ్యం. ఆషాఢంలో మనవాళ్లు ఇల్లు మారరు. మూఢాల్లో కూడా వెనకాడతారు. ఆ రోజుల్లో ఖాళీ చేస్తే, "ఆషాఢంల ఎవరొస్తరు బిడ్డా, శ్రావణం రానియ్యి" అనే మాట తప్పదు. ఆ మాటలో అబద్ధం కూడా ఉండదు. అదే మే నెల చివర అయితే కథ వేరు. జూన్ 12న బళ్లు తెరుస్తారు, ఆలోపు పిల్లల చదువుల కోసం మండలాల నుంచి కుటుంబాలు హనుమకొండకు దిగుతుంటాయి. కిషన్‌పుర, నయీంనగర్, సుబేదారి, యూనివర్సిటీ దిక్కు భీమారం, గోపాల్‌పూర్‌లలో ఆ రోజుల్లో టులెట్ బోర్డుకు ఫోన్లు ఆగవు. మీ చేతిలో ఉంటే ఏప్రిల్ మధ్యలో చెప్పి మే చివర ఖాళీ చేయండి. ట్రాన్స్‌ఫర్ వచ్చి ఆషాఢంలో తప్పనిసరిగా పోవాల్సి వస్తే, కింద చెప్పే సర్దుబాటు పద్ధతి తప్ప వేరే దారి పెద్దగా లేదు.

నోటి మాటతో ఆపొద్దు. కిందికి వెళ్లి చెప్పి, చాయ్ తాగి, పైకి వచ్చి ఇలాంటి మెసేజ్ పెట్టండి:

"నమస్తే అంకుల్. ఇప్పుడు చెప్పినట్టే మే 31కి ఇల్లు ఖాళీ చేస్తున్నం. దిగినప్పుడు ఇచ్చిన అడ్వాన్స్ 18,000. మే కిరాయి 9,000 అందులో పట్టుకొని, మిగిలిన 9,000 కరెంటు, చిన్న చిన్న రిపేర్లు పోను 31 నాడు తాళాలు ఇచ్చేటప్పుడు ఇయ్యగలరు. మే 25 ఆదివారం పొద్దున ఒకసారి ఇల్లు చూస్తే ఏమన్న ఉంటే మేమే చేపిస్తం. మీకు ఓకేనా?"

తేదీలు, అంకెలు మీవి వేసుకోండి. చివర ప్రశ్న ఉండాలి, ఎందుకంటే మనకు జవాబు కావాలి.

ఆఖరి నెల కిరాయి అడ్వాన్స్‌లో పట్టుకోమనడం

నా అభిప్రాయంలో ఈ మార్గదర్శి మొత్తంలో పనికొచ్చేది ఇదే. రెండు నెలల అడ్వాన్స్ ఉన్నప్పుడు ఆఖరి నెల కిరాయి అందులోకి సర్దితే, ఓనర్ సర్దాల్సిన మొత్తం సగానికి తగ్గుతుంది. ఆయన జేబులోంచి ఏమీ తీయక్కర్లేదు కాబట్టి ఒప్పుకోవడం కూడా తేలిక. పోట్లాట వచ్చినా అది మిగిలిన సగం గురించే.

కానీ అడిగి, ఒప్పించి చేయాలి. చెప్పాపెట్టకుండా కిరాయి ఆపేస్తే ఒప్పందం తప్పింది మనమే అవుతాం. అడ్వాన్స్ ఉన్నది కిరాయి కట్టకపోతే పట్టుకోవడానికి, ఇంటికి నష్టం జరిగితే పూడ్చుకోవడానికి. రెండు నెలలూ అడ్వాన్స్‌లో మింగేస్తామంటే ఏ ఓనరైనా భయపడతాడు, న్యాయమే. ఒక నెల ఆయన ధైర్యానికి వదిలిపెట్టండి. నేను అడిగిన మూడు ఇళ్లలో ఇద్దరు వెంటనే సరేనన్నారు. ఒకాయన మాత్రం "కిరాయి కిరాయే, అడ్వాన్స్ అడ్వాన్సే" అన్నారు. కిరాయి కట్టేశాను, గొడవ పడలేదు.

ఒక నెల అడ్వాన్సే ఇచ్చి ఉంటే ఈ పద్ధతి అడగకపోవడమే మర్యాద.

ఇంకో మాట. కొత్తవాళ్లను వెతకడంలో చేయి వేయండి. ఆఫీసులో చెప్పండి, కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టండి, చూడ్డానికి వచ్చినవాళ్లకు విసుక్కోకుండా తలుపు తీయండి. మధ్యాహ్నం నిద్ర పాడవుతుంది, నిజమే. వాళ్లిచ్చే టోకెన్‌లో మీ డబ్బు ఉందని గుర్తుపెట్టుకుంటే విసుగు రాదు.

మీ మీద పడేది, పడనిది

తీసుకున్నప్పుడు ఉన్న స్థితిలోనే ఇల్లు అప్పగించాలి, మామూలు వాడకంలో వచ్చే అరుగుదల పోను. ఆస్తి బదిలీ చట్టంలోనే ఈ మాట ఉంది. వాదన వచ్చేదంతా ఏది అరుగుదల, ఏది నష్టం అన్న దగ్గరే.

మూడేళ్లలో రంగు వెలిసిపోతే అది అరుగుదల. పిల్లలు స్కెచ్ పెన్నులతో గోడంతా నింపితే నష్టం. నల్లా వాషర్ అరిగితే అరుగుదల, బకెట్ తగిలి వాష్‌బేసిన్ పగిలితే నష్టం. క్యాలెండర్ మేకు ఎవరూ అడగరు, ఏసీ పైపు కోసం గోడకు పెట్టిన బొక్క అడుగుతారు. దేవుడి గూట్లో దీపం మసి మధ్యస్తం: అది మనదే, తుడిస్తే పోతుంది, తుడవండి. గడప పసుపు గురించి మాట్లాడిన ఓనర్‌ను నేనింతవరకు చూడలేదు.

వాన నీళ్ల సంగతి వేరేగా చెప్పాలి. 2023 జూలై చివర పడ్డ వానలకు హంటర్ రోడ్డు, నయీంనగర్ నాలా వెంట కాలనీలు మునిగాయి. గోడల్లో అప్పుడు పట్టిన చెమ్మ, ఉబ్బిన తలుపులు, కింద రాలిన సున్నం కిరాయిదారు నష్టం కాదు. స్లాబు నుంచి కారే నీళ్లు కూడా అంతే. కారినప్పుడే ఫొటో తీసి ఓనర్‌కు పంపి ఉంటే మాట నిలుస్తుంది. ఇంకా ఖాళీ చేయనివాళ్లు ఈ వానాకాలం నుంచైనా ఆ అలవాటు చేసుకోండి.

పాత వస్తువుకు కొత్త వస్తువు ధర వేయడం ఇంకో రకం. ఆరేళ్ల గీజర్ ఖరాబైతే కొత్తదాని బిల్లు మొత్తం మీ మీద వేయడం కుదరదు. రిపేరు ఎంతవుతుందో ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి అడగండి. చాలాసార్లు కాయిల్ మారిస్తే పనైపోతుంది.

ఆఖరి వారం: మన చేత్తో చేసుకోవాల్సిన పనులు

ఓనర్ పనిమనిషిని పెట్టి కడిగించి వేసే ఖర్చు, మనం కడిగితే అయ్యే ఖర్చుకు రెండింతలు ఉంటుంది. అందుకని మూడు చోట్ల మీరే కూర్చోండి.

గోడలు. మేకులు తీసేసి, స్క్రూల ప్లాస్టిక్ గట్టాలు లాగేసి, రంధ్రాలను లప్పంతో నింపండి. హార్డ్‌వేర్ షాపులో చిన్న ప్యాకెట్ దొరుకుతుంది. నీళ్లలో ముద్దలా కలిపి, పాత ఏటీఎం కార్డుతో గీరి సమం చేయండి, ఆరాక సన్న గరుకు కాగితంతో రుద్దండి. దాని మీద రంగు వేయాలని తాపత్రయపడొద్దు. షేడ్ కలవదు, అతుకు ఇంకా ఎక్కువ కనిపిస్తుంది. డబ్బాలో పాత రంగు మిగిలి ఉందేమో ఓనర్‌నే అడగండి.

బాత్రూం. మన దగ్గర బోరు నీళ్ల ఉప్పు టైల్స్ మీద తెల్లటి పొర కడుతుంది, కుళాయిలు గట్టిపడతాయి. కుళాయికి నిమ్మచెక్క లేదా వెనిగర్‌లో తడిపిన గుడ్డ చుట్టి గంట ఉంచితే పొర మెత్తబడుతుంది. టైల్స్ మీద బాత్రూం యాసిడ్ వాడేవాళ్లు గ్లౌజులు వేసుకొని, కిటికీ తీసి, నీళ్లలో కలిపి వాడండి. షాబాద్ బండ, కడప బండ, మార్బుల్ మీద చుక్క కూడా పడనీయొద్దు. అవి సున్నపురాయి జాతి, యాసిడ్ పడితే బుసబుసమని పొంగి, మెరుపు పోయి తెల్లమచ్చ మిగులుతుంది. ఆ మచ్చ మాత్రం ఖచ్చితంగా మీ ఖాతాలోనే. యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ రెండూ కలిపి అసలే వాడొద్దు, విషవాయువు వస్తుంది.

వంటిల్లు. పోపు జిడ్డు టైల్స్ మీద, ఎగ్జాస్ట్ ఫ్యాను రెక్కల మీద గట్టిగా పట్టి ఉంటుంది. వేడినీళ్లు, వంటసోడా, గిన్నెల సబ్బు కలిపి పూసి, పావుగంట ఆగి తుడవండి. ఇల్లు చూడ్డానికి వచ్చిన ఆంటీ మొదట చేయి పెట్టేది పొయ్యి వెనక టైలు మీదే. వేలు జిగటగా అంటుకుంటే ఇక మిగతా ఇల్లంతా ఆ కంటితోనే చూస్తారు.

మీరు బిగించిన ఫ్యాన్లు, బల్బులు, కర్టెన్ రాడ్లు తీసుకెళ్లడం మీ హక్కే. కానీ దిగినప్పుడు అక్కడ ఏ బల్బు ఉందో అది తిరిగి పెట్టండి. 80 రూపాయల బల్బు లేదని మొదలైన మాట 800 దగ్గర ఆగడం చూశాను.

కరెంటు, నీళ్లు, ఏసీడీ

ఖాళీ చేసే రోజు మీటర్ ఫొటో తీయండి, అంకెలు, సర్వీస్ నంబర్ రెండూ కనపడేటట్టు. మీ పోర్షన్‌కు వేరే మీటర్ ఉంటే, ఆఖరి బిల్లులోని రీడింగ్‌కు, ఇవాళ్టి రీడింగ్‌కు తేడా చూసి అప్పటికప్పుడు తేల్చేసుకోవచ్చు. సబ్‌మీటర్ ఉంటే యూనిట్‌కు ఎంతని ముందు నుంచి ఇస్తున్నారో అదే రేటు. మోటారు కరెంటు అందరూ పంచుకునే ఇంట్లో ఆ వాటా మరిచిపోవద్దు. ఓనర్ మరిచిపోరు. ఇంటి పన్ను ఓనర్‌దే, నల్లా బిల్లు మాత్రం దిగేటప్పుడు ఏమనుకున్నారో దాన్నిబట్టి.

ఉత్తర తెలంగాణ వాళ్లకు ఒక ప్రత్యేకమైన లెక్క ఉంది. 2023 జనవరిలో మన కరెంటు కంపెనీ ఎన్‌పీడీసీఎల్ బిల్లుల్లో ఏసీడీ (అడిషనల్ కన్జంప్షన్ డిపాజిట్) పేరుతో వేలల్లో పడి పెద్ద గొడవైంది గుర్తుందా? అది వాడిన కరెంటు ఛార్జీ కాదు, అదనపు డిపాజిట్. సర్వీసు ఎవరి పేరున ఉందో వారి ఖాతాలోనే జమ ఉంటుంది. ఓనర్ పేరు మీదున్న సర్వీసుకు ఏసీడీ మీరు కట్టి ఉంటే, ఆ డబ్బు ఓనర్ దగ్గర మీకు రావాల్సినది. పాత బిల్లులు తీసి చూడండి, లెక్కలో కలపండి.

గృహజ్యోతి కింద జీరో బిల్లు వస్తున్నవాళ్లు ఈ ఇంటి సర్వీసు నంబర్‌కు ముడిపడ్డ మీ రేషన్ కార్డును మార్పించుకోవాలి. లేకపోతే కొత్త ఇంట్లో మీకు, పాత ఇంట్లో దిగేవాళ్లకు ఇద్దరికీ ఇబ్బంది.

ఇల్లు కలిసి చూడటం, లెక్క రాయడం

రెండుసార్లు చూపించండి. మొదటిది వారం ముందు, సామాన్లు ఉండగానే. ఓనర్ చెప్పినవి రాసుకొని, మీరు చేయించగలిగినవి చేయించండి. రెండోది ఇల్లు ఖాళీ అయ్యాక. పగలే పెట్టుకోండి, సాయంత్రం బల్బు వెలుతురులో ప్రతి నీడా పగులులాగే కనిపిస్తుంది. ప్రతి గదిలో నల్లా తిప్పి, స్విచ్ వేసి, తలుపు గడియ పెట్టి చూపిస్తూ నడవండి. ముందే తీసిన ఖాళీ ఇంటి వీడియో మీ దగ్గర ఉండాలి, గేటు దగ్గర మొదలుపెట్టి మధ్యలో ఆపకుండా తీసింది.

కోత మాట వస్తే మొహం మాడ్చుకోకుండా ఒకటే అడగండి: "బిల్లు ఎంతయితే అంత ఇస్తం అంకుల్, మేస్త్రిని పిలిపిద్దామా?" రౌండు అంకెల్లో వచ్చే కోతలు, అంటే "రిపేర్లకు ఒక ఐదు వేలు", ఈ ప్రశ్న దగ్గరే కరిగిపోతాయి.

తర్వాత తెల్లకాగితం మీద లెక్క. ఉదాహరణకు:

అడ్వాన్స్ 18,000
మే కిరాయి సర్దుబాటు 9,000
కరెంటు 640
సింకు కుళాయి 350
ఇవ్వాల్సింది 8,010

కింద తేదీ, ఇద్దరి సంతకాలు, తాళంచెవులు ఎన్ని ఇచ్చారో. ఫొటో తీసి ఇద్దరి ఫోన్లలో పెట్టుకోండి. నెల మధ్యలో పోతే కిరాయి రోజుల లెక్క: 9,000ని 30తో భాగిస్తే రోజుకు 300, పదో తారీఖు దాకా ఉంటే 3,000. దీనికి ఓనర్ ముందే ఒప్పుకొని ఉండాలి, చాలామంది నిండు నెల అడుగుతారు.

డబ్బు, తాళాలు ఒకే కూర్చోవడంలో చేతులు మారాలి. ఇక్కడ ఒక జాగ్రత్త. "డబ్బు ఇచ్చేదాకా తాళం ఇయ్య" అని నెలలు పట్టుకొని కూర్చోవద్దు. ఇల్లు మీ స్వాధీనంలో ఉన్నన్ని రోజులు కిరాయి అడిగే అవకాశం ఆయనకు ఇచ్చినట్టే. చెప్పిన రోజున డబ్బు సర్దుబాటు కాకపోతే వచ్చినంత తీసుకోండి, తాళాలు ఇచ్చేయండి, మిగిలింది ఎంత, ఏ తారీఖున ఇస్తారో అదే కాగితం మీద రాయించుకోండి. రాయడానికి ఇష్టపడకపోతే మీరే మెసేజ్ పెట్టండి: "ఇవాళ మూడు తాళాలు మీకు ఇచ్చినం, 3,000 ముట్టింది, 5,010 జూన్ 15కు ఇస్తనన్నరు." ఆయన కాదనకపోతే రేపు అది పనికొస్తుంది.

రూములో నలుగురు స్టూడెంట్లు ఉండి ఒక్కడే పోతుంటే ఓనర్ జోలికి వెళ్లొద్దు. వచ్చే కుర్రాడి దగ్గరే వాటా తీసుకొని, పేరు మారిందని ఓనర్‌కు చెప్పండి.

రేపు మాపు అంటూ తిప్పితే

మొదటి నెల మర్యాదగా, వారానికి ఒక మెసేజ్. ఫోన్లు తక్కువ, రాతలు ఎక్కువ. ఇంటికి వెళ్లి అడిగితే ఆదివారం పొద్దున వెళ్లండి, ఇంట్లో పెద్దమనిషి ఉన్నప్పుడు. వీధిలో నిలబడి గట్టిగా మాట్లాడితే ఆ పూటకు కడుపు చల్లబడుతుంది, డబ్బు మాత్రం ఇంకో రెండు నెలలు వెనక్కి పోతుంది. పోలీస్ స్టేషన్‌కు వెళ్తే ఇది సివిల్ వ్యవహారమనే అంటారు. తెలిసిన ఎస్సైతో ఫోన్ చేయించే ఆలోచన నాకు నచ్చదు. అదే ఎస్సై రేపు ఆయనకూ తెలిసినవాడు కావొచ్చు.

"కేంద్రం కొత్త చట్టం తెచ్చింది, రెండు నెలల కంటే ఎక్కువ డిపాజిట్ తీసుకోవద్దు" అని ఎవరో చెబుతారు. 2021 జూన్‌లో కేంద్ర కేబినెట్ ఆమోదించిన నమూనా కిరాయి చట్టంలో ఆ మాట ఉంది. ఇల్లు స్వాధీనం చేసుకునేటప్పుడే డిపాజిట్ వాపసు ఇవ్వాలని కూడా ఉంది. కానీ అది నమూనా, రాష్ట్రం తన చట్టంగా చేసుకున్నచోటే పనిచేస్తుంది. దాన్ని చూపించి ఓనర్‌ను బెదిరించకండి, మీ అగ్రిమెంట్, మీ లెక్క కాగితం చూపించండి.

నెల దాటితే నోటీసు. లాయర్ ఇస్తే బరువు ఉంటుంది, లేకపోయినా మీరే రాసి పంపొచ్చు: ఎప్పుడు దిగారు, ఎంత ఇచ్చారు, ఎప్పుడు ఖాళీ చేశారు, ఎంత రావాలి, 15 రోజుల్లో ఇవ్వకపోతే న్యాయపరంగా వెళ్తాం. ఒక పేజీ దాటొద్దు, తిట్లు వద్దు. పాత రిజిస్టర్డ్ పోస్టును 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు. స్పీడ్ పోస్టులోనే పంపి, చేరినట్టు రుజువు కావాలని కౌంటర్‌లో అడగండి. రసీదు పారేయొద్దు.

అదాలత్ దాకా

నోటీసుకూ కదలకపోతే చిన్న మొత్తాలకు నేను చెప్పేది కోర్టు కేసు కాదు, లోక్ అదాలత్. హనుమకొండలో కోర్టులున్న అదాలత్ ప్రాంతం అందరికీ తెలిసిందే. లోక్ అదాలత్‌ను నడిపే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయం కోర్టు ఆవరణలోనే ఉంటుంది, కరీంనగర్, నిజామాబాద్ లాంటి జిల్లా కేంద్రాల్లోనూ అంతే. కేసు వేయకముందే అక్కడ దరఖాస్తు పెట్టుకోవచ్చు. కోర్టు ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు. వాళ్లు ఓనర్‌కు నోటీసు పంపి ఇద్దరినీ కూర్చోబెడతారు. కోర్టు ముద్ర ఉన్న నోటీసు ఇంటికి వచ్చిందంటే సగం మంది ఓనర్ల ఇళ్లలో ఆ రాత్రే చర్చ జరుగుతుంది. దారి తెలియకపోతే న్యాయ సహాయం హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేయండి. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయర్‌ను కూడా ఇస్తారు.

ఇబ్బంది ఒకటే, ఇద్దరూ ఒప్పుకుంటేనే అక్కడ తేలుతుంది. ఓనర్ రాకపోయినా, వచ్చి మొండికేసినా మిగిలేది సివిల్ కోర్టు. డబ్బు రావాల్సిన రోజు నుంచి 3 ఏళ్లలోపు దావా వేయాలి. 8,000 కోసం తిరిగితే వాయిదాలకు పెట్టే సెలవులే అంతకు మించుతాయి. 50,000 దాటితే ఆలోచించొచ్చు. వాట్సాప్ చాట్లు సాక్ష్యంగా పెట్టాలంటే 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియం కింద ఒక సర్టిఫికెట్ జతచేయాలి. అందుకని అప్పటిదాకా ఫోన్ మార్చినా పాతది అమ్మేయకండి, చాట్ డిలీట్ చేయకండి.

లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే వచ్చే అవార్డు కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. సంతకం పెట్టే ముందు అందులో మొత్తం ఎంత, ఏ తారీఖున, ఏ ఖాతాకు అన్నది స్పష్టంగా రాశారో లేదో చదవండి. విడతలైతే ప్రతి విడతకూ తారీఖు ఉండాలి. "త్వరలో చెల్లించగలరు" అని రాసి ఉంటే అక్కడే కొట్టేయించి తేదీ వేయించండి.